ఇంట్లో వీపీఎన్ పనిచేయకపోతే: రౌటర్ ఫర్మ్‌వేర్‌ను జాగ్రత్తగా అప్‌గ్రేడ్ చేయడం ఎలా

అనంతపురంలో కమలానగర్‌లోనో రాంనగర్‌లోనో ఇంట్లోనే కూర్చుని బెంగళూరు కంపెనీలకు పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. గుత్తి, తాడిపత్రి, ఉరవకొండల్లోనూ ఉన్నారు. వీళ్లకు ఆఫీసు అంటే వీపీఎన్, అంటే ఇంటి ల్యాప్‌టాప్‌ను ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌కు భద్రంగా కలిపే దారి. అది కనెక్ట్ అయితేనే ఆ రోజు పని మొదలవుతుంది. ఒక సోమవారం పొద్దున అది ఉన్నట్టుండి ఆగిపోతుంది. యూట్యూబ్ వస్తుంది, వాట్సాప్ వస్తుంది, వీపీఎన్ మాత్రం ‘కనెక్టింగ్’ దగ్గరే తిరుగుతూ ఉంటుంది. ఆఫీసు ఐటీ వాళ్లకు ఫోన్ చేస్తే ‘మీ ఇంటి నెట్‌లో ప్రాబ్లెం ఉంది, చూసుకోండి’ అంటారు. కేబుల్ అన్నకు ఫోన్ చేస్తే ‘నెట్ వస్తోంది కదన్నా, ఇంకేం కావాల’ అంటాడు. ఇద్దరి మధ్య నలిగిన మనిషి చివరికి ఎవరో చెప్పిన మాట పట్టుకుని రౌటర్ ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) మార్చడానికి కూర్చుంటాడు.

ఆ ఆలోచనలో తప్పేం లేదు. నిజంగా ఫర్మ్‌వేర్ వల్లే ఆగిన వీపీఎన్ అప్‌గ్రేడ్‌తో మళ్లీ నడుస్తుంది. కానీ తొందరపడి చేస్తే వీపీఎన్ సంగతి అటుంచి, వస్తున్న నెట్ కూడా పోతుంది. అందుకే ఇక్కడ అప్‌గ్రేడ్ బటన్ నొక్కే మాట చాలా ఆలస్యంగా వస్తుంది. దానికి ముందు రెండు పనులు చేయాలి. తప్పు రౌటర్‌దేనా అని తేల్చుకోవాలి. ఏదైనా తేడా వచ్చినా నెట్‌ను మళ్లీ నిలబెట్టుకోవడానికి కావలసినవన్నీ చేతిలో పెట్టుకోవాలి. ఈ రెండూ సరిగ్గా చేసుకున్నవాళ్లకు అసలు అప్‌గ్రేడ్ పది నిమిషాల పని.

అసలు రౌటర్ వీపీఎన్‌ను ఎందుకు ఆపుతుంది?

ఇంట్లో పది పరికరాలున్నా బయటి ఇంటర్నెట్‌కు కనిపించేది ఒకటే అడ్రస్. లోపలికి వచ్చిన ప్రతి ప్యాకెట్ (డేటా ముక్క) ఎవరిదో రౌటర్ పోర్టు నంబర్‌ను బట్టి గుర్తుపట్టి పంచుతుంది. మామూలు వెబ్‌సైట్లకు ఇది ఇబ్బంది లేకుండా నడుస్తుంది. పాత పద్ధతి వీపీఎన్‌లకు మాత్రం ఇక్కడే చిక్కు. పీపీటీపీ వాడే జీఆర్‌ఈ ప్యాకెట్లకు, ఐపీసెక్ వాడే ఈఎస్‌పీ ప్యాకెట్లకు అసలు పోర్టు నంబరే ఉండదు. వాటిని ఎవరికివ్వాలో రౌటర్ ప్రత్యేకంగా లెక్క పెట్టుకోవాలి. సెట్టింగుల్లో ‘వీపీఎన్ పాస్‌త్రూ’ అని కనిపించేది ఆ ఏర్పాటే. ఈ లెక్క ఫర్మ్‌వేర్‌లో తప్పితే, ఇంట్లో మిగతావన్నీ పనిచేస్తూ వీపీఎన్ ఒక్కటే ఆగుతుంది. భార్యాభర్తలిద్దరూ ఒకే కంపెనీలో చేస్తూ ఒకే వీపీఎన్ సర్వర్‌కు కనెక్ట్ అయ్యే ఇళ్లలో, ఒకరు లోపలికి వెళ్తే రెండోవాళ్లది తెగిపోవడం కూడా పాత రౌటర్లలో ఈ కారణంగానే జరుగుతుంది.

ఇప్పటి ఐపీసెక్ వీపీఎన్‌లు ఆ ప్యాకెట్లను యూడీపీ 4500 పోర్టులో (యూడీపీ, టీసీపీ అనేవి ప్యాకెట్లు పంపే రెండు పద్ధతులు) చుట్టి పంపుతాయి కాబట్టి బాధ తగ్గింది. ఓపెన్‌వీపీఎన్ మామూలుగా యూడీపీ 1194, వైర్‌గార్డ్ యూడీపీ 51820 వాడతాయి. టీసీపీ 443 మీద నడిచే ఎస్ఎస్ఎల్ వీపీఎన్‌లు మామూలు వెబ్‌సైట్ ట్రాఫిక్‌లాగే వెళ్తాయి కాబట్టి రౌటర్ దగ్గర ఆగడం అరుదు. మీ ఆఫీసు వీటిలో ఏది వాడుతుందో ఐటీ వాళ్లను ముందే అడిగి రాసుకోండి. ఈ ఒక్క సమాధానంతో సగం ఊహలు ఎగిరిపోతాయి.

తప్పు ఎవరిదో తేల్చుకోండి

మొట్టమొదట ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, ఆఫీసు ల్యాప్‌టాప్‌ను దానికి కలిపి వీపీఎన్ ప్రయత్నించండి. అక్కడా కనెక్ట్ కాకపోతే మీ రౌటర్‌కు ఏ పాపమూ తెలియనట్టే లెక్క. సమస్య ల్యాప్‌టాప్‌లోనో, మీ పాస్‌వర్డ్‌లోనో, కంపెనీ సర్వర్‌లోనో ఉంది. రౌటర్‌ను ముట్టుకోకండి, ఐటీ వాళ్లనే గట్టిగా అడగండి. హాట్‌స్పాట్‌లో వెంటనే కనెక్ట్ అయితే తప్పు ఇంటి లైన్ వైపు ఉంది.

ఇంటి లైన్ అంటే మళ్లీ రెండు: మీ రౌటర్, ఆపరేటర్ నెట్‌వర్క్. వీటిని విడదీయడానికి మన వీధుల్లో ఒక సులువైన దారి ఉంది. పక్కింట్లోనో ఎదురింట్లోనో అదే ఆపరేటర్ లైను ఉంటే, వాళ్లను అడిగి ఐదు నిమిషాలు వాళ్ల వైఫైలో వీపీఎన్ చూడండి. అక్కడ పనిచేసి మీ ఇంట్లో పనిచేయకపోతే అనుమానం మీ రౌటర్ మీదికి వస్తుంది. రెండిళ్లలోనూ ఆగితే ఆపరేటర్ వైపు ఏదో మారింది, ఫర్మ్‌వేర్ మార్చినా ఫలితం ఉండదు.

విండోస్‌లోని సొంత వీపీఎన్ వాడేవాళ్లకు ఎర్రర్ నంబర్ కూడా కొంత చెబుతుంది. 691 వస్తే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చూసుకోవాలి. 868 అయితే సర్వర్ పేరు దొరకడం లేదు, పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్ఎస్ చూడాలి. 809 వస్తే ప్యాకెట్లు దారిలో ఆగుతున్నాయి, యూడీపీ 500, 4500 పోర్టుల దగ్గర రౌటర్‌ను అనుమానించవచ్చు. 806 వస్తే జీఆర్‌ఈ ఆగుతోంది, అంటే మీ ఆఫీసు ఇంకా పీపీటీపీ వాడుతోంది. ఆపిల్ 2016లోనే ఐఫోన్, మ్యాక్‌ల నుంచి పీపీటీపీని తీసేసింది. భద్రత లేని పాత పద్ధతి అది. రౌటర్ బాగుచేసుకోవడం కంటే, వీపీఎన్ పద్ధతి మార్చమని కంపెనీని అడగడమే మేలు.

ఫర్మ్‌వేర్ జోలికి వెళ్లకుండానే తీరిపోయే కారణాలు కొన్ని ఉన్నాయి. వాటిని వదిలేసి ముందుకు వెళ్లొద్దు.

ఆపరేటర్ డబ్బా (ఫైబర్ తీగ వచ్చి కూర్చునేది), రౌటర్ రెండూ స్విచ్ తీసి, అర నిమిషం ఆగి, ముందు డబ్బా, దాని లైట్లు నిలబడ్డాక రౌటర్ ఆన్ చేయండి. నెలల తరబడి ఆగకుండా నడిచిన రౌటర్‌కు ఇదొక్కటే చాలినా చాలుతుంది. తర్వాత సెట్టింగుల్లో పాస్‌త్రూ చూడండి. టీపీ-లింక్ లాంటివాటిలో నాట్ ఫార్వర్డింగ్ కిందో, సెక్యూరిటీ కిందో ‘ఏఎల్‌జీ’ అనే పేజీలో పీపీటీపీ, ఎల్‌టూటీపీ (ఇదీ ఒక వీపీఎన్ పద్ధతే), ఐపీసెక్ అని టిక్కులు ఉంటాయి. అవి పోయి ఉంటే పెట్టి చూడండి.

వీపీఎన్ కనెక్ట్ అయినట్టు చూపిస్తూ ఆఫీసు ఫోల్డర్లు మాత్రం తెరుచుకోకపోతే అడ్రసుల గొడవ అయి ఉండవచ్చు. మీ ఇంట్లో 192.168.1 తో మొదలయ్యే అడ్రసులే ఆఫీసులోనూ ఉంటే, ల్యాప్‌టాప్ ఆఫీసు సర్వర్‌ను మీ ఇంట్లోనే వెతుకుతుంది. రౌటర్ ల్యాన్ (ఇంటి లోపలి) అడ్రస్‌ను 192.168.37.1 లాంటి ఎవరూ పెద్దగా వాడని అంకెకు మారిస్తే సరిపోతుంది. ఆ తర్వాత రౌటర్ పేజీ కూడా కొత్త అడ్రస్‌లోనే తెరుచుకుంటుందని గుర్తుంచుకోండి. సీసీ కెమెరా డీవీఆర్‌కు చేత్తో అడ్రస్ ఇచ్చి ఉంటే దాన్నీ మార్చాలి.

ఇంకొకటి ఎంటీయూ. కనెక్ట్ అవుతుంది, చిన్న మెయిల్ వెళ్తుంది, రిమోట్ డెస్క్‌టాప్ తెరవగానే బిగుసుకుపోతుంది, పెద్ద ఫైలు మధ్యలో ఆగుతుంది. ఇవీ దాని లక్షణాలు. ఒక్కో ప్యాకెట్ ఎంత పెద్దగా ఉండవచ్చో చెప్పే అంకె అది. మామూలు లైనులో 1500. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో డయల్ అయ్యే పీపీపీఓఈ లైనులో 1492. వీపీఎన్ తన చుట్టు కూడా కలుపుకునేసరికి ప్యాకెట్ లైనులో పట్టదు. తెలుసుకోవడానికి వీపీఎన్ ఆపి, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ కమాండ్‌కు 8.8.8.8 అడ్రస్ ఇచ్చి, వెనక ‘-ఎఫ్’, ‘-ఎల్ 1464’ అని తగిలించండి. ఎఫ్, ఎల్ రెండూ ఇంగ్లిష్ చిన్న అక్షరాలు. జవాబు వస్తే ఆ సైజు లైనులో పడుతోంది. ప్యాకెట్‌ను ముక్కలు చేయాలి అన్న అర్థంతో మెసేజ్ వస్తే పదేసి తగ్గించుకుంటూ పోండి. జవాబు వచ్చిన అంకెకు 28 కలిపితే మీ లైను ఎంటీయూ వస్తుంది. రౌటర్ ఇంటర్నెట్ పేజీలో అది పెట్టి, వీపీఎన్ మళ్లీ చూడండి.

ఇవన్నీ చూశాకా మార్పు లేకపోతే, లేదా రౌటర్ తనంతట తాను రాత్రి అప్‌డేట్ అయిన మర్నాటి నుంచే వీపీఎన్ పోయినట్టు తేదీలు కలుస్తుంటే, అప్పుడు ఫర్మ్‌వేర్ వైపు రండి.

ఆ డబ్బా మీదా, ఆపరేటర్‌దా?

మన జిల్లాలో ఏపీ ఫైబర్‌నెట్ అయినా, బీఎస్ఎన్ఎల్ ఫైబర్ అయినా చాలాచోట్ల కనెక్షన్ ఇచ్చేది లోకల్ ఆపరేటర్. ఫైబర్ తీగ నేరుగా వచ్చి కూర్చునే డబ్బాను ఓఎన్‌యూ అంటారు. వైఫై కూడా దానిలోంచే వస్తుంటే, ఆ డబ్బా ఫర్మ్‌వేర్‌ను మీరు మార్చకండి. ఆపరేటర్ నెట్‌వర్క్‌కు తగ్గట్టు చేసిన సాఫ్ట్‌వేర్ దానిలో ఉంటుంది. చాలా కంపెనీలు టీఆర్-069 అనే పద్ధతిలో దూరం నుంచే దాన్ని నడుపుతాయి. బయట దొరికిన ఫైలు ఎక్కిస్తే ఫైబర్ సిగ్నలే అందుకోకపోవచ్చు. మోడల్ నంబర్, వీపీఎన్ ఎర్రర్ రాసి ఆపరేటర్‌కు పంపి, వాళ్ల చేతనే అప్‌డేట్ చేయించుకోండి.

ఓఎన్‌యూ నుంచి తీగ లాగి మీరు డబ్బు పెట్టి కొన్న వేరే రౌటర్‌కు ఇచ్చి ఉంటే, ఇక మీరు చేయదగ్గ పనే.

సరైన ఫైలు ఎంచుకోవడం

రౌటర్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. రౌటర్‌ను బోర్లించి స్టిక్కర్ చదవండి. మోడల్ పేరు ఒక్కటే చాలదు, పక్కన ‘వెర్’ అనో, ‘హెచ్/డబ్ల్యూ వెర్’ అనో ఉన్న హార్డ్‌వేర్ వెర్షన్ కావాలి. టీపీ-లింక్ ఆర్చర్ సీ6 తీసుకోండి. పేరు ఒకటే, డబ్బా చూపుకు ఒకటే. కానీ వెర్షన్ 2లో క్వాల్‌కామ్ చిప్ ఉంది, వెర్షన్ 3లో మీడియాటెక్ చిప్ ఉంది. ఒకదాని ఫర్మ్‌వేర్ ఇంకొకదానికి పనికిరాదు. తప్పు ఫైలును రౌటరే తిరస్కరిస్తే మీ అదృష్టం. ఒప్పుకుందంటే ఆ రౌటర్ మళ్లీ లేవకపోవచ్చు.

దేశం కూడా చూడాలి. ఒకే మోడల్‌కు భారత్, యూరప్, అమెరికా పేర్లతో వేర్వేరు ఫైళ్లు ఉంటాయి. అమెరికా నుంచి కొడుకో కూతురో తెచ్చిన రౌటర్ అయితే దానికి అమెరికా ఫైలే ఎక్కించాలి. ఇక్కడ వాడుతున్నాం కదా అని భారత్ ఫైలు వేయకూడదు.

ఫైలును తయారీ కంపెనీ సపోర్ట్ పేజీ నుంచే దించుకోండి. వీడియో కింద ఇచ్చిన డ్రైవ్ లింకులు, టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే ఫైళ్లు ఎంత మంచివాళ్లు పంపినా వద్దు. మీ ఇంటి నెట్ మొత్తం, బ్యాంకు లావాదేవీలతో సహా, ఈ డబ్బా గుండానే వెళ్తుంది. 2018 మే నెలలో బయటపడిన ‘వీపీఎన్‌ఫిల్టర్’ అనే మాల్వేర్ కనీసం 54 దేశాల్లో కనీసం 5 లక్షల రౌటర్లు, స్టోరేజ్ పరికరాల్లోకి చొరబడిందని సిస్కో టాలోస్ పరిశోధకులు లెక్కగట్టారు. రౌటర్‌లోకి ఏం ఎక్కుతోందో అంత పట్టుగా చూసుకోమనేది అందుకే.

దించే ముందు ఫైలు పక్కనే ఉన్న రిలీజ్ నోట్స్ చదవండి. వీపీఎన్, ఐపీసెక్, ఎల్‌టూటీపీ, పాస్‌త్రూ అన్న మాటల కోసం చూడండి. ‘ఈ వెర్షన్ ఎక్కించాక పాతదానికి వెనక్కి వెళ్లలేరు’ అని ఉంటే అక్కడ ఒకసారి ఆగి ఆలోచించండి. ‘ముందు ఫలానా వెర్షన్ ఎక్కించి, తర్వాత ఇది’ అని ఉంటే ఆ క్రమం తప్పకండి. మీ రౌటర్‌లో ఇప్పుడున్న వెర్షన్ ఫైలు దొరికితే అదీ దించి పెట్టుకోండి, వెనక్కి రావాల్సి వస్తే పనికొస్తుంది. దించింది జిప్ ఫైలైతే విప్పి, లోపలి ఫైలును బయటికి తీయండి. మామూలుగా దాని పేరు ‘బిన్’ అని ముగుస్తుంది. కంపెనీ ఎస్‌హెచ్‌ఏ-256 అంకె (ఫైలుకు వేలిముద్ర లాంటిది) ఇచ్చి ఉంటే, ఫైలు సరిగ్గా దిగిందా లేదా అని సరిపోల్చుకోండి.

రౌటర్ పేజీలోనే ‘చెక్ ఫర్ అప్‌గ్రేడ్’ లాంటి బటన్ ఉండి, అది కొత్త వెర్షన్ చూపిస్తుంటే ఈ బాధ లేదు. మీ హార్డ్‌వేర్‌కు, మీ దేశానికి తగిన ఫైలును అదే తెచ్చుకుంటుంది. నా సలహా ముందు అదే ప్రయత్నించమని. అది ఏమీ చూపించకపోతేనే చేత్తో ఎక్కించండి.

నెట్ పోయినా మళ్లీ తెచ్చుకునేలా

పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మీ దగ్గర ఉన్నాయా? చాలా ఇళ్లలో ఉండవు. కనెక్షన్ ఇచ్చిన రోజు ఆపరేటర్ కుర్రాడు తనే టైప్ చేసి వెళ్లిపోయి ఉంటాడు. అప్‌గ్రేడ్ తర్వాత సెట్టింగులు చెరిగిపోతే ఆ రెండూ లేకుండా నెట్ రాదు. ఆదివారం మధ్యాహ్నం ఆయన ఫోన్ ఎత్తకపోతే మీ టెన్షన్ చెప్పనక్కర్లేదు. అందుకే రెండు రోజుల ముందే ఫోన్ చేసి, ‘అన్నా, రౌటర్ రీసెట్ చేయాల్సి రావచ్చు, నా యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబర్ ఏమైనా ఉంటే అది పంపు’ అని అడగండి. లైను ఫలానా రౌటర్ మ్యాక్ అడ్రస్‌కు (ఆ పరికరం గుర్తింపు నంబర్‌కు) కట్టి ఉందేమో కూడా అడగండి. వచ్చినవి కాగితం మీద రాయండి. నెట్ పోయినప్పుడు మెయిల్‌లో దాచుకున్నది అందదు.

తర్వాత రౌటర్‌లోకి లాగిన్ అవ్వండి. అడ్రస్ స్టిక్కర్ మీదే ఉంటుంది, ఎక్కువగా 192.168.0.1 లేదా 192.168.1.1. ఇంటర్నెట్, వైఫై, డీహెచ్‌సీపీ, పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీలన్నీ ఫోన్‌తో ఫొటోలు తీయండి. సీసీ కెమెరాలను బయటి నుంచి చూసుకునేవాళ్లు పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీని అసలు మరిచిపోవద్దు. వైఫై పేరు, పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. తర్వాత అవే పెడితే టీవీ, కెమెరాలు, అమ్మ ఫోను అన్నీ వాటంతటవే కలుస్తాయి, ఇల్లంతా తిరగాల్సిన పని తప్పుతుంది.

‘బ్యాకప్’ బటన్ నొక్కి సెట్టింగుల ఫైలు కూడా దించుకోండి. ఆ ఫైలులో పాస్‌వర్డులు ఉంటాయి కాబట్టి ఎవరికీ వాట్సాప్‌లో పంపొద్దు.

ఇక కరెంటు. ఫర్మ్‌వేర్ రాసేటప్పుడు రౌటర్ తన ఫ్లాష్ మెమరీలో పాతదాన్ని చెరిపి, ఆ చోటే కొత్తది రాస్తుంది. ఆ మధ్యలో కరెంటు పోతే పాతదీ లేదు, కొత్తదీ పూర్తి కాలేదు. మళ్లీ ఆన్ చేసినా లేవడానికి లోపల ఏమీ ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన వచ్చి లైన్లు తెగే వేళ ఈ పని పెట్టుకోవద్దు. కరెంటు ఆపే ప్రాంతాల పేర్లు పేపర్ల జిల్లా పేజీల్లో వేస్తుంటారు, చూసుకోండి. అనుమానముంటే విద్యుత్ సంస్థ నంబర్ 1912కు ఫోన్ చేసి అడగవచ్చు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, రౌటర్ పెట్టిన ప్లగ్ ఇన్వర్టర్ లైనులో ఉందో లేదో మెయిన్ ఆపి ఒకసారి పరీక్షించండి. ఉన్నా కూడా, కరెంటు నుంచి బ్యాటరీకి మారే క్షణంలో రౌటర్ ఆరి వెలుగుతుంటే అది చాలదు. ఇన్వర్టర్‌కు ‘యూపీఎస్ మోడ్’ స్విచ్ ఉంటే దానిలో పెట్టి మళ్లీ చూడండి. రౌటర్లకని అమ్మే చిన్న డీసీ యూపీఎస్ ఇంకా మంచిది. కొనేముందు మీ అడాప్టర్ మీద 9 వోల్టులో 12 వోల్టులో చదివి సరిగ్గా అదే ఇచ్చేది తీసుకోండి. ఆంపియర్లు అడాప్టర్ మీద ఉన్నంత గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి.

ఎండాకాలమైతే పొద్దున్నే చేయండి. 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, టీవీ వెనక అలమరలో ఇరుక్కుని కాలిపోతున్న రౌటర్‌తో పెట్టుకోవద్దు. దాన్ని బయటికి తీసి గాలి తగిలేచోట ఉంచండి. శని, ఆదివారాల్లో, మర్నాడు ఆఫీసు లేని రోజు ఇంకా నయం. ఇంట్లోవాళ్లకు చెప్పి పెట్టండి. ఊడ్చేటప్పుడు ప్లగ్ తీసేసే అలవాటు ఉన్న ఇల్లయితే మరీ ముఖ్యం.

అప్‌గ్రేడ్

సొంత ల్యాప్‌టాప్ వాడండి, ఆఫీసుది వద్దు. ల్యాన్ కేబుల్‌తో రౌటర్ ల్యాన్ పోర్టుకు కలిపి, ల్యాప్‌టాప్ వైఫై ఆపేయండి. వైఫై మీద చేస్తే ఫైలు పంపే మధ్యలో సిగ్నల్ తెగే ప్రమాదం ఉంది. చార్జర్ పెట్టి, స్క్రీన్ నిద్రపోకుండా సెట్ చేయండి. ఫోన్లు, టీవీ నెట్ నుంచి తీసేస్తే రౌటర్‌కు భారం తగ్గుతుంది.

రౌటర్ పేజీలో ‘సిస్టమ్ టూల్స్’ లేదా ‘అడ్మినిస్ట్రేషన్’ కింద ‘ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్’ ఉంటుంది. అక్కడ కనిపించే హార్డ్‌వేర్ వెర్షన్, స్టిక్కర్ మీదిది, ఫైలు పేరులోనిది మూడూ కలిశాయా అని చివరిసారి చూడండి. కలిస్తే ఫైలు ఎంచుకుని ‘అప్‌గ్రేడ్’ నొక్కండి.

నొక్కాక చేయి తీసేయండి. పేజీ రిఫ్రెష్ చేయొద్దు, బ్యాక్ నొక్కొద్దు. గీత నిండుతుంది, లైట్లు ఆరుతాయి, వెలుగుతాయి, బ్రౌజర్ ‘పేజీ దొరకలేదు’ అనవచ్చు. అదంతా మామూలే. ఎక్కువ రౌటర్లకు మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. గీత ఎక్కడో ఆగిపోయినట్టు కనిపించినా పదిహేను నిమిషాలు నిండేదాకా స్విచ్ ముట్టుకోవద్దు. తెరమీద గీత కదలకపోయినా లోపల రాయడం జరుగుతూ ఉండవచ్చు.

లేచాక మళ్లీ లాగిన్ అయి వెర్షన్ మారిందో లేదో చూడండి. నెట్ వస్తే, సెట్టింగులు ఉంటే, వెంటనే వీపీఎన్ పరీక్షించవచ్చు. పెద్ద వెర్షన్ మార్పు అయితే మాత్రం నేను ఫ్యాక్టరీ రీసెట్ చేసి, రాసి పెట్టుకున్నవన్నీ చేత్తో మళ్లీ పెట్టమంటాను. పాత సెట్టింగుల అవశేషాలు కొత్త ఫర్మ్‌వేర్‌లో కలిసి వింత తేడాలు తెస్తాయి. బ్యాకప్ ఫైలు ఎక్కించినా ఆ అవశేషాలే తిరిగి వస్తాయి. అరగంట పని ఎక్కువైనా చేత్తో పెట్టినదే నమ్మకం.

ఆ చేత్తోనే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. ‘రిమోట్ మేనేజ్‌మెంట్’ (బయటి నుంచి రౌటర్ పేజీ తెరిచే సదుపాయం), ‘డబ్ల్యూపీఎస్’ (పాస్‌వర్డ్ కొట్టకుండా వైఫైకి కలిపే సదుపాయం) ఆపేయండి. టైమ్ జోన్ 5:30 కు పెట్టి, గడియారం సరిగ్గా ఉందో చూడండి. వీపీఎన్‌ను ల్యాప్‌టాప్‌లో కాక రౌటర్‌లోనే పెట్టుకున్నవాళ్లకు ఇది చాలా ముఖ్యం. చాలా రౌటర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వచ్చాక తేదీ వెనక్కి పోతే, సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదని చెప్పి వీపీఎన్ ఆగిపోతుంది.

పరీక్ష తొందరగా ముగించొద్దు. ముందు కేబుల్‌తో, తర్వాత వైఫైతో కనెక్ట్ చేయండి. పెద్ద ఫైలు ఒకటి దించండి, రిమోట్ డెస్క్‌టాప్ తెరవండి, ఒక వీడియో కాల్ పెట్టండి. తర్వాత ల్యాప్‌టాప్‌ను అరగంట ఊరికే వదిలేసి, తెగిందో నిలిచిందో చూడండి. కొన్ని రౌటర్లు వాడకం లేని యూడీపీ కనెక్షన్లను త్వరగా మరిచిపోతాయి. భోజనానికి వెళ్లి వచ్చేసరికి వీపీఎన్ తెగే జబ్బుకు ఇదొక కారణం.

రౌటర్ లేవకపోతే

పదిహేను నిమిషాలయ్యాక కూడా లైట్లు అన్నీ ఒకేసారి మిణుకుతూనో, ఒక్క పవర్ లైటే వెలుగుతూనో ఉంటే, అప్పుడు స్విచ్ తీసి వేయండి. లాభం లేకపోతే పది సెకన్లు రీసెట్ బటన్ నొక్కి పట్టండి. అదీ కాకపోతే రికవరీ మోడ్ ఉంది. రీసెట్ నొక్కి పట్టుకునే పవర్ ఆన్ చేస్తే చాలా రౌటర్లు దానిలోకి వెళ్తాయి. కొన్నిటికి బ్రౌజర్‌లోనే ఫైలు ఎక్కించే పేజీ వస్తుంది. చాలా టీపీ-లింక్ ఆర్చర్ మోడళ్లు మాత్రం 192.168.0.66 అడ్రస్ పెట్టిన కంప్యూటర్‌లో టీఎఫ్‌టీపీ అనే ఫైళ్లు పంపే పద్ధతిలో ఫైలు కోసం చూస్తాయి. ఆసుస్ అయితే ‘ఫర్మ్‌వేర్ రిస్టోరేషన్’ అనే ప్రోగ్రామ్ ఇస్తుంది. మీ మోడల్ పద్ధతిని ఫోన్ డేటాతో కంపెనీ పేజీలో చూసి చేయండి. ఇంతదాకా వస్తే ఇంట్లో పాత రౌటర్ ఉంటే తాత్కాలికంగా పెట్టుకోండి, అందుకే పాతదాన్ని పాత సామాన్ల వాడికి ఇచ్చేయొద్దంటాను. వారంటీ ఉంటే బిల్లు వెతికి సర్వీస్ సెంటర్‌కు పంపండి.

ఎక్కింది, వీపీఎన్ ఇంకా రాలేదు

అప్పుడు మీరు చేసిన పరీక్షలే మీ బలం. ఐటీ వాళ్లకు ఇలా రాయండి: ‘మొబైల్ హాట్‌స్పాట్‌లో పనిచేస్తోంది, ఇంటి లైనులో లేదు. రౌటర్ మోడల్ ఇది, ఫర్మ్‌వేర్ ఫలానా వెర్షన్‌కు మార్చాను. ఎర్రర్ నంబర్ ఇది. లైను ఎంటీయూ ఇంత. ఇంటి అడ్రసులు ఫలానా అంకెతో మొదలవుతాయి. టీసీపీ 443 మీద కనెక్ట్ అయ్యే దారి ఇవ్వగలరా?’ ఇలా రాసినవాళ్లకు ‘మీ నెట్ ప్రాబ్లెం’ అన్న జవాబు ఇవ్వడం కష్టం.

ఆపరేటర్ దగ్గర అడగాల్సింది వేరు. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ అడ్రస్ (ఆపరేటర్ వైపు నుంచి మీ రౌటర్‌కు వచ్చిన అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే, ఆపరేటర్ చాలామంది ఇళ్లను ఒకే బయటి అడ్రస్ వెనక కలిపి పెట్టాడని అర్థం. ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లే వీపీఎన్ మామూలుగా దానిలోనూ నడుస్తుంది, పీపీటీపీకి మాత్రం ఇబ్బంది. బయటి నుంచి ఇంటికి వచ్చే వీపీఎన్, అంటే ఊళ్లో లేనప్పుడు ఇంటి కెమెరాలు చూసుకోవడానికి పెట్టుకున్నది, ఏ ఫర్మ్‌వేర్ ఎక్కించినా దానిలో నడవదు. అలాంటప్పుడు ఆపరేటర్‌ను ‘పబ్లిక్ ఐపీ ఇస్తారా, నెలకు ఎంత?’ అని సూటిగా అడగండి. ఇవ్వలేనంటే, అదే వీధిలో ఇంకో ఆపరేటర్ ఇస్తాడేమో కనుక్కుని, ఆ తర్వాతే కొత్త రౌటర్ మీద డబ్బు పెట్టండి.